తలుపులు తీసే పిల్లి: అల్మారాకు లాకా, క్లిప్పు డబ్బాలా?

తలుపు కింది మూలకు గోరు తగిలించి లాగడం నేర్చిన పిల్లిని మామూలు హింజ్ ఆపలేదు. ఎండు చేపలైనా, దాని మేతే అయినా దాచడానికి దారులు రెండు: తలుపు లోపల మాగ్నెట్ లాక్ (బయట మాగ్నెట్ తాళంచెవి ఆనిస్తేనే తెరుచుకునేది), లేదా రబ్బరు వాషరున్న క్లిప్పు డబ్బాలు.

ఖర్చు: లాక్ తలుపుకొకటి. డబ్బా సరుకుకొకటి, కాబట్టి మొత్తం మీద డబ్బాలకే ఎక్కువ.

శ్రమ: డబ్బాకు ఏమీ లేదు, పనంతా లాక్‌దే. జిడ్డు పట్టిన లామినేట్‌పై లాక్ వెనక స్టిక్కర్ నిలవదు. స్పిరిట్‌తో తుడిచి అంటించి, 24 గంటలు తలుపు ముట్టుకోకండి. స్క్రూలు ఇంకా గట్టి. 18 మి.మీ. ప్లైవుడ్‌కు 12 మి.మీ. స్క్రూ చాలు, మరీ పొడుగైతే బయటికి పొడుచుకొస్తుంది. బిగించాక లాగి చూడండి: సందు మిగిలితే పంజా దూరుతుంది.

రిస్క్: లాక్‌తో అసలు భయం పిల్లి లోపలుండగా మూసేయడం. మాగ్నెట్ తాళంచెవి పోతే మనకూ తెరుచుకోదు, రెండోది దాచుకోండి. డబ్బాల్లో నొక్కుడు మూత స్టీలు డబ్బా దండగ. అంచుదాకా తోసి పడేస్తే మూత ఊడుతుంది. గాజు సీసా అసలే వద్దు. వాషర్‌లో పిండి ఇరుక్కున్నా మూత బిగియదు, వాసన బయటికొస్తుంది.

ఏది ఎవరికి: అద్దె ఇల్లు, తలుపుల్లేని అరలు ఉంటే డబ్బాలే. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం, పైగా వాటికి గాలి ఆడాలి, డబ్బాలో పెట్టలేం. అవి ఉన్న అల్మారాకు లాకే.