గ్యారేజ్ డయోరమాకి స్టైరీన్ మిక్స్‌డ్ ప్యాక్: షీట్లు భేష్, స్ట్రిప్పులు తుస్

1/24 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 24వ వంతుకు, ఒక గ్యారేజ్ డయోరమా (చిన్న నమూనా దృశ్యం) కడుతున్నాను. కార్లు ఎప్పుడో సిద్ధమయ్యాయి. వాటి చుట్టూ ఉండాల్సిన టూల్ ట్రాలీ, బెంచ్ వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది), టూ పోస్ట్ లిఫ్ట్ (రెండు స్తంభాల మీద కారును ఎత్తేది), ఇంజిన్ ఎత్తే క్రేన్, ఆయిల్ డ్రమ్ములు మాత్రం రెడీమేడ్ కాకుండా సొంతంగా చేసుకోవాలని పట్టుదల. అందుకే ఈ స్టైరీన్ మిక్స్‌డ్ ప్యాక్ తెప్పించాను. తెల్లటి ప్లాస్టిక్ షీట్లు, స్ట్రిప్పులు, రాడ్లు, ట్యూబులు, హెచ్ ఆకారం, ఎల్ ఆకారం సెక్షన్లు అన్నీ ఒకే కవర్లో పెట్టి పంపిస్తారు. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది, ఏ పేరుతో వచ్చినా లోపలి కథ దాదాపు ఇదే.

ముందుగా షీట్లు. ప్యాక్‌లో 0.25 మి.మీ. మందం షీటు ఒక్కటంటే ఒక్కటే ఉంది. 0.5వి రెండు, 1 మి.మీ.వి నాలుగు, 2 మి.మీ.వి రెండు. చూడ్డానికి బరువుగా, నిండుగా ఉంటుంది కానీ గ్యారేజ్ సామాను చేసేవాడికి ఈ లెక్క తలకిందులుగా ఉంది. ఎందుకంటారా? నిజం టూల్ ట్రాలీ రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని 24తో భాగిస్తే 0.04 మి.మీ. వస్తుంది. అంత పల్చటి స్టైరీన్‌తో పెట్టె కట్టడం జరిగే పని కాదు. మన దగ్గరున్న 0.25 షీటే అసలు సైజులో 6 మి.మీ. ఇనప పలక కింద లెక్క. 0.5 అంటే 12 మి.మీ., 1 అంటే 24 మి.మీ. ఒక మిల్లీమీటరు షీటు అంచు బయటికి కనిపించేలా ట్రాలీ చేస్తే అది పానాలు పెట్టుకునే పెట్టెలా ఉండదు, బ్యాంకు లాకర్‌లా ఉంటుంది. చిన్న సామాను నిజమైనదిగా కనిపించాలా, బొమ్మలా కనిపించాలా అన్నది తొంభై శాతం ఈ అంచు దగ్గరే తేలిపోతుంది. రంగు, తుప్పు, మరకలు ఆ తర్వాత సంగతి.

షీటు క్వాలిటీకి మాత్రం వంక పెట్టలేను. స్టీల్ స్కేలు ఆనించి కత్తితో రెండు మూడు సార్లు తేలిగ్గా గీసి వంచితే గీత వెంటే టక్కున విరుగుతుంది, అంచు చిట్లదు. 0.25ని ఒక్క గీతతో పూర్తిగా కోసెయ్యొచ్చు. మోడల్ సిమెంటు (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) బాగా పడుతుంది. నేను వాడేది టమియా ఎక్స్‌ట్రా థిన్, మూతకే బ్రష్ ఉండే 40 మి.లీ. సీసా. రెండు ముక్కలు ఆనించి పట్టుకుని సందు దగ్గర బ్రష్ తాకిస్తే నీళ్లలాంటి ఆ ద్రవం దానంతటదే సందులోకి పాకి, రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేసేస్తుంది. 0.25 షీటు మీద పొదుపుగా వాడాలి. పెద్ద షీటును ఇంకో షీటు మీద పరిచి మధ్యంతా సిమెంటు పోస్తే ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక, మర్నాటికి పైషీటు అలలు తేలుతుంది. అంచుల వెంబడి మాత్రమే తాకించాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తీసి కూర్చోండి.

ఇక ట్రాలీ ఎలా కట్టానో కొంచెం వివరంగా చెబుతాను, ప్యాక్ సత్తా ఏంటో అక్కడే తెలిసింది. అసలు వెడల్పు 680 మి.మీ. అనుకుంటే మనకు 28 మి.మీ. వస్తుంది. లోతు 19, చక్రాలు కాకుండా ఎత్తు 34. లోపలి భాగం బయటికి కనిపించదు కాబట్టి దాన్ని 1 మి.మీ. షీటుతో గట్టిగా పెట్టెలా కట్టేశాను (ఆ నాలుగు షీట్లు ఇలా అయినా ఖర్చవ్వాలి కదా). పక్కలకూ పైకీ 0.25 తొడుగు వేసి, ముందువైపు ఆ తొడుగు అంచు అర మిల్లీమీటరు ముందుకు వచ్చేలా వదిలాను. చూసేవాడి కంటికి కనిపించేది ఆ పల్చటి అంచు ఒక్కటే. వెనకున్న మందం సంగతి ఎవరికీ తెలియదు.

డ్రాయర్లకు చాలామంది ఒకే పలక మీద గీతలు గీసి సరిపెడతారు. ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత), రంగు, వార్నిష్ పడేసరికి ఆ గీతలు సగం పూడిపోతాయి. నేను 0.5 షీటులో ఏడు డ్రాయర్ ముఖాలు విడివిడిగా కోసుకున్నాను. పైన మూడు 3 మి.మీ. ఎత్తు, తర్వాత రెండు 4, కింద ఒకటి 6, అట్టడుగున 8. ఒక్కో ముఖానికీ మధ్య సందు సమానంగా రావడానికి పాత స్నాప్ కట్టర్ బ్లేడు ముక్క అడ్డం పెట్టాను, మందం దాదాపు 0.4 మి.మీ. లెక్క ప్రకారం అది నిజంలో సెంటీమీటరుకు దగ్గర, ఉండాల్సిన దానికంటే ఎక్కువే. అయినా లెక్క కచ్చితంగా పాటించి 0.1 సందు వదిలితే రంగు కింద మాయమైపోతుంది. ఇలాంటి చోట కొలత కన్నా కంటినే నమ్మాలి. బ్లేడు ఉండగా సిమెంటు తాకించకండి, ద్రవం బ్లేడు వెంట పాకి ముఖమంతా మరకలు చేస్తుంది. వెనక మూలలో చిన్న చుక్క పెట్టి అతికించి, బ్లేడు లాగేశాక, పక్క నుంచి అసలు సిమెంటు వెయ్యాలి. ఒక్కో డ్రాయరు పై అంచుకూ నిలువునా కోసిన 0.25 పట్టీ అతికిస్తే అదే పిడి. దానికి రంగు అయ్యాక వెండి రంగు తాకిస్తే చాలు.

రాడ్ల విషయంలో ఈ ప్యాక్ నిజంగా మెప్పించింది. 0.5 నుంచి 5 మి.మీ. దాకా ఉన్నాయి, నిటారుగా ఉన్నాయి, గుండ్రంగానే ఉన్నాయి (కొన్ని చవక ప్యాకుల్లో కోడిగుడ్డు ఆకారంలో వస్తాయి). 5 మి.మీ. రాడ్డును బ్లేడు కింద దొర్లిస్తూ పల్చగా కోస్తే ట్రాలీ చక్రాలు అయిపోయాయి. నిజంలో అవి 120 మి.మీ. చక్రాల కింద లెక్క, పెద్ద ట్రాలీకి సరిగ్గా సరిపోతాయి. బెంచ్ వైస్‌కి 0.5 రాడ్డు అయితే దాని కోసమే తయారు చేసినట్టుంది. వైస్ బిగించే అడ్డ కడ్డీ నిజంలో 12 మి.మీ. మందం ఉంటుంది, అంటే మనకు సరిగ్గా అర మిల్లీమీటరు. ఆ రాడ్డు చివరను మంటకు తగలకుండా దగ్గరగా పెడితే ప్లాస్టిక్ వెనక్కి ముడుచుకుని చిన్న గుండులా తయారవుతుంది. ముందు ఒక చివర గుండు చేసి, కడ్డీని స్క్రూ తలకున్న రంధ్రంలో దూర్చి, రెండో చివర గుండు చెయ్యాలి. అప్పుడు కడ్డీ అటూ ఇటూ జారుతుంది కానీ ఊడి రాదు. 4 మి.మీ. దవడలున్న వైస్‌లో జారే కడ్డీ! ఆ పూట ఇంకే పనీ ముట్టుకోలేదు, దాన్నే అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను.

ట్యూబులు మధ్యస్తం. ఎవర్‌గ్రీన్ అనే కంపెనీ వాళ్ల ట్యూబులు వరస సైజులు ఒకదాంట్లో ఒకటి దూరేలా ఉంటాయి, హైడ్రాలిక్ సిలిండర్ లాంటివి చెయ్యడానికి ఆ సౌకర్యం చాలా పెద్దది. ఈ ప్యాక్‌లో 3 మి.మీ. ట్యూబు 4 మి.మీ. దాంట్లోకి దూరాలంటే గరుకు కాగితంతో కాస్త రుద్దాలి. రుద్దితే దూరుతుంది. ఇంజిన్ క్రేన్ సిలిండరు అలాగే చేశాను. లోపలి ట్యూబుకు మెరిసే అల్యూమినియం ఫాయిల్ చుట్టాను, ఏ వెండి రంగూ ఆ మెరుపు ఇవ్వదు.

ఆయిల్ డ్రమ్ముకు తగ్గ ట్యూబు ప్యాక్‌లో లేదు, ఉంటుందని ఆశించడం కూడా న్యాయం కాదు. 200 లీటర్ల డ్రమ్ము వ్యాసం సుమారు 585 మి.మీ., మన స్కేల్‌లో 24 మి.మీ. పైచిలుకు. 0.25 షీటును కాస్త సన్నటి గొట్టానికి చుట్టి, దారంతో కట్టి, మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, వెంటనే చన్నీళ్లలో ముంచితే ఆ వంపు నిలబడిపోతుంది. చుట్టూ ఉబ్బెత్తు కట్లకు 0.5 రాడ్డు. కానీ ఒక్క డ్రమ్ముకే ఉన్న ఒక్క 0.25 షీటులో పెద్ద ముక్క పోయింది. ఆ షీటు విడిగా కొనుక్కోక తప్పలేదు.

ఇప్పుడు అసలు తిట్లు. స్ట్రిప్పులు అన్ని సైజులవీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసి పడేశారు. ఏ కట్ట మీదా కొలత రాసి లేదు. 0.75కీ 1కీ తేడా కంటికి ఆనదు, క్యాలిపర్ (మందం కొలిచే పరికరం) లేకపోతే ఈ ప్యాక్ జోలికి వెళ్లకండి. అంతకంటే ఘోరం, ఒకే స్ట్రిప్పు రెండు చివర్లా మందం ఒకేలా లేదు. లిఫ్ట్ స్తంభాలకు అంచు పట్టీలు వేస్తే ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా వచ్చాయి. మొత్తం పీకేసి, షీటు నుంచే పట్టీలు కోసుకున్నాను.

హెచ్ సెక్షన్ల కథ వేరు. ప్యాక్ మీద అన్నీ స్టైరీనే అని రాసి ఉంది. హెచ్ సెక్షన్లు మాత్రం చూస్తే ఏబీఎస్ (ఇంకో రకం ప్లాస్టిక్) అనిపించాయి. రంగు రవ్వంత పసుపు, వంచితే విరక్కుండా తెల్లబడుతూ వంగుతుంది. ప్లాస్ట్రక్ట్ అనే కంపెనీ వాళ్లు ఏబీఎస్‌ను బూడిద రంగులో, స్టైరీన్‌ను తెల్లగా ఇస్తారు కాబట్టి అక్కడ తికమక ఉండదు. ఇక్కడ అన్నీ దాదాపు తెలుపే. స్టైరీన్ సిమెంటుతో అతికించిన లిఫ్ట్ చేతులు చూడ్డానికి అతుక్కున్నట్టే ఉండి, కారు పెట్టగానే ఊడి వచ్చాయి. కారు కింద పడి సైడ్ మిర్రర్ విరిగింది. ఏబీఎస్‌కు దాని సిమెంటు వేరే ఉంటుంది. అది వాడాలని ఒక్క ముక్క రాసి ఉంటే నా మిర్రర్ బతికేది. అమ్మినవాళ్లకు రాస్తే "ఉత్పత్తి నచ్చినందుకు ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది.

లిఫ్ట్ గురించి ఒక మాట. 3.6 మీటర్ల స్తంభం మన స్కేల్‌లో 150 మి.మీ. దాన్ని 1 మి.మీ. షీటుతో సీ ఆకారంలో కట్టొచ్చు, ప్లాస్టిక్ కిట్ కారును మోస్తుంది. డైకాస్ట్ (లోహంతో పోతపోసిన) కారు పెట్టాలంటే మాత్రం చేతుల లోపల ఇత్తడి కడ్డీ దూర్చాల్సిందే. స్టైరీన్ మొదట్లో మోసినట్టే మోసి, నెలలు గడిచేకొద్దీ మెల్లగా కిందికి వంగిపోతుంది. ఇది ప్యాక్ తప్పు కాదు, ప్లాస్టిక్ గుణం.

పానాలు, స్క్రూడ్రైవర్లు వగైరా దీంతో చేద్దామనుకోకండి. 200 మి.మీ. పానా మన దగ్గర 8 మి.మీ. అవుతుంది. దాని నోరు స్టైరీన్‌లో కొయ్యడం ఓపికకు పరీక్ష తప్ప ఫలితం ఉండదు. ఫోటో ఎచ్ (రసాయనంతో సన్నగా కోసిన) లోహపు షీట్లలో వచ్చేవి చక్కగా ఉంటాయి. మొత్తం సామాను రెడీమేడ్‌గా కావాలంటే ఫుజిమి కంపెనీ 1/24 గ్యారేజ్ అండ్ టూల్స్ సిరీస్ ఉండనే ఉంది. కాకపోతే అందరి గ్యారేజ్‌లోనూ అదే ట్రాలీ, అదే జాకీ కనిపిస్తాయి.

రంగు వేసేముందు బూడిద రంగు ప్రైమర్ తప్పనిసరి. తెల్ల ప్లాస్టిక్ మీద గీతలు, సందులు కంటికి కనపడవు, ప్రైమర్ పడ్డాకే అన్నీ బయటపడతాయి.

నా మార్కులు: షీట్లకు ఐదుకు నాలుగున్నర, రాడ్లకు ఐదు, ట్యూబులకు మూడు, స్ట్రిప్పులకు ఒకటి, హెచ్ సెక్షన్లకు సున్నా. మొదటిసారి స్క్రాచ్ బిల్డ్ (అన్నీ సొంతంగా కట్టడం) మొదలుపెట్టేవాళ్లు ఏ సైజు దేనికి పనికొస్తుందో తెలుసుకోవడానికి ఒక్క ప్యాక్ తీసుకోవచ్చు. ఆల్రెడీ చేసేవాళ్లు 0.25, 0.5 షీట్లు, 0.5 నుంచి 2 దాకా రాడ్లు విడిగా తెప్పించుకోండి. నేను ఇక ఈ ప్యాక్ మళ్లీ కొనను. మిగిలిన 2 మి.మీ. షీట్లను గ్యారేజ్ నేల కింద బేస్‌గా వేసేశాను, అక్కడ అవి బాగానే పనికొచ్చాయి.