టెస్టుల తాత్కాలిక ఫైళ్లు: వెంటనే తుడవాలా, కొన్నాళ్లు ఉంచాలా?

గుంటూరులోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరే ప్రతి టెస్టరూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది: "సార్, టెస్టు పుట్టించిన ఫైళ్లను టెస్టే తుడిచేయాలా, తర్వాత వేరే ఏదైనా తుడుస్తుందా?" చాలాకాలం "ఎవరి విస్తరి వాళ్లే తీయాలి" అని చెప్పేవాడిని. ఈ ఏడాది నుంచి ఆ మాట చెప్పడం మానేశాను.

మేం రాసేది మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్. కాటా తూకాల ఫైలును పని ఫోల్డరులోకి నకలు తీసుకుని, టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కవేసి, రైతుకు తక్‌పట్టీ (అమ్మకం లెక్కల చీటీ) తయారుచేస్తుంది. దాన్ని పరీక్షించే టెస్టు ఒకటి వారానికి రెండు మూడు రాత్రులు ఫెయిలయ్యేది. పొద్దున్నే నడిపితే పాసయ్యేది. టియర్‌డౌన్ (టెస్టు అయ్యాక శుభ్రం చేసే భాగం) అన్నీ ఊడ్చేయడంతో చేతిలో మిగిలేది ఒక్క వాక్యమే: 40 టిక్కీలు రావాలి, 31 వచ్చాయి.

విసిగిపోయి ఆ తుడిచే వరుసలు తీసేశాను. నాలుగో రాత్రి మళ్లీ ఫెయిలైంది. పొద్దున రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరిచాను. అసలు ఫైలులో 40 వరుసలు ఉన్నాయి. నకలులో 31 ఉన్నాయి, 32వ వరుస రైతు పేరు మధ్యలో తెగిపోయింది. పక్కనే నడిచే ఇంకో టెస్టు అదే చోట, అదే పేరుతో ఫైలు రాస్తోంది. అది సగం రాసేసరికి మాది నకలు తీసుకుంది. తెగిన వరుసను మా కోడ్ చప్పుడు చేయకుండా వదిలేస్తోందని కూడా అప్పుడే బయటపడింది. యార్డులో అదే జరిగితే ఒక రైతు సరుకు లెక్కలోకే రాకుండా పోయేది. అందుకే ఫెయిలైన టెస్టు ఫైళ్లు మనిషి చూసేదాకా ఉండాలన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

టియర్‌డౌన్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. కానీ పైథాన్ భాషతో వచ్చే టెస్టు సాధనం యూనిట్‌టెస్ట్‌లో సెటప్ (టెస్టుకు ముందు అన్నీ సిద్ధం చేసే భాగం) మధ్యలో తప్పు వస్తే టియర్‌డౌన్ అసలు నడవదు. అప్పటికే పుట్టిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. యాడ్‌క్లీనప్ (తుడిచే పనిని ముందే నమోదు చేసే పద్ధతి) వాడితే ఆ లోటు తీరుతుంది. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ టెస్టు ప్రాసెస్‌ను చంపేసినా, మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోయినా, ఆ రెండూ పనిచేయవు.

అలాగని అన్నీ ఉంచేయడమూ కుదరదు. ఒకసారి డిస్కు సగం ఖాళీగా ఉన్నా సర్వర్ చోటు లేదని మొరాయించింది. లక్షల చిన్న ఫైళ్లు ఐనోడ్లను (ఫైలుకు ఒకటి చొప్పున డిస్కులో పరిమితంగా ఉండే నమోదు గళ్లను) తినేశాయి. డిస్కులో చోటు చూపే డీఎఫ్ కమాండుకు మైనస్ ఐ చేర్చి చూస్తే గాని అర్థం కాలేదు. టెస్టుల్లోకి నిజమైన రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు రానే రాకూడదు. వచ్చి ఉంటే మాత్రం పాసైనా ఫెయిలైనా వెంటనే తుడవాల్సిందే.

ఈ రెంటి మధ్య నాకు నచ్చినది పైథాన్ టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్ ఇచ్చే టీఎంపీ పాత్. ప్రతి టెస్టుకూ వేరే ఫోల్డరు ఇస్తుంది కాబట్టి మా తూకాల ఫైలు గొడవకు ఆస్కారమే లేదు. టెస్టులన్నీ ఒక విడత నడిస్తే అది ఒక రన్. మామూలుగా చివరి 3 రన్‌ల ఫోల్డర్లు ఉంచి, పాతవి తనే తీసేస్తుంది. 7.3 వెర్షన్ నుంచి, ఫెయిలైన టెస్టులవి మాత్రమే ఉంచమనీ చెప్పవచ్చు.

జావా భాష వాడేవారికి టెస్టు సాధనం జేయూనిట్ 5.9 నుంచి టెంప్‌డిర్‌లో ఇలాంటి వీలే ఉంది. గో భాషలోని టెంప్‌డిర్ టెస్టు ముగియగానే తుడిచేస్తుంది. శుభ్రం వరకు చాలు. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) మూల అమరికలో తాత్కాలిక ఫైళ్ల ఫోల్డరు టీఎంపీలోని ఫైళ్లకు గడువు 10 రోజులు. రాత్రింబవళ్లు టెస్టులు నడిచే యంత్రానికి అది చాలా ఎక్కువ. కంటైనర్‌లో (పని అయ్యాక తీసేయగల విడి వాతావరణంలో) నడిపి దాన్నే పారేయడం తేలిక, ఆధారాలూ దానితోపాటే పోతాయి.

మా సర్వర్‌లో ఫెయిలైనవి మాత్రమే ఉంచమని పెట్టాం, 3 రన్‌లను 7కు పెంచాం. శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రాత్రులూ ఏదో ఒకటి ఫెయిలై, సోమవారం మేం కూర్చోకముందే ఇంకో రన్ పడితే, 3 మీద ఉన్నప్పుడు శుక్రవారం నాటి ఫైళ్లు పోయేవి.