తెల్లబోయిన శెనక్కాయ చేనుకు జిప్సమా, గంధకమా, అన్నభేదా?

మా శెనక్కాయ చేను చంద్రగిరి దాటాక పాకాల దారిలో ఉంది. ఎర్ర నేలే గానీ, పడమటి గట్టు పక్కన ఓ పావు ఎకరా దున్నితే తెల్లటి సుద్ద గులకలు లేస్తాయి. విత్తిన నెలకు సరిగ్గా ఆ పావు ఎకరంలోనే లేత ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత; 7 దాటితే క్షారం) 8.1 అని వచ్చింది. మందుల అంగట్లో అడిగితే, "జిప్సం వెయ్యన్నా, పీహెచ్ దిగిపోతుంది" అన్నారు. వేశాను. రెండు వారాలైనా ఆకు రంగు మారలేదు.

జిప్సం తప్పు సరుకేం కాదు. దాని పని వేరు. అది ఆమ్లం కాదు, కాబట్టి పీహెచ్‌ను పైన నిలబెట్టే సున్నాన్ని నేలలో కరిగించజాలదు. కారు చౌడులో (సోడియం ఎక్కువైన క్షార నేలలో) బంకమట్టిని పట్టుకున్న సోడియంను అందులోని కాల్షియం తోసేస్తుంది. తర్వాత మంచినీళ్లు నిలగట్టి ఆ సోడియంను కిందికి దించేస్తే పీహెచ్ తగ్గుతుంది. సున్నం మాత్రమే ఉన్న నేల పీహెచ్ మామూలుగా 8.4 దాటదు. అంతకు మించి చూపిస్తే సోడియం ఉందేమోనని అనుమానించాలి. మాది 8.1. పైగా ఆ మట్టి మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని సన్నటి నురగ లేచింది. అంటే ఉన్నది సున్నం.

అలాగని శెనక్కాయకు జిప్సం మానకండి. ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయంలో కాయ తనకు కావలసిన కాల్షియంను నేరుగా చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అది చాలకపోతే లొట్ట కాయలు వస్తాయి. అందుకే పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేయమంటారు. పీహెచ్‌కూ దానికీ సంబంధం లేదు.

ఇక గంధకం. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి కాబట్టి ఇది నిజంగానే పీహెచ్ తగ్గిస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. ఎకరా నేలలో పై అర అడుగు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో సున్నం 5 శాతం ఉన్నా 45 వేల కిలోలు. కిలో గంధకం కరిగించేది 3 కిలోల పైచిలుకు సున్నాన్ని. అంటే ఎకరాకు 14 టన్నుల గంధకం! సున్నం లేని మట్టిలో, కుండీల్లో, నర్సరీ మడుల్లో అయితే గంధకమే మేలు. సుద్ద నేలలో వేస్తే డబ్బు మట్టిలో పోసినట్టే.

నిజానికి మా మట్టికి ఆ ఎరుపు ఇనుము వల్లే వచ్చింది. చేను నిండా ఇనుమే, మొక్కకు మాత్రం ఇనుము కరువు. లేత ఆకులు పాలిపోయింది అందుకే. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఇనుము కరిగే గుణం సుమారు వెయ్యి రెట్లు పడిపోతుంది. బోరు నీళ్లలోని బైకార్బొనేట్ దానికి తోడవుతుంది. కాబట్టి నేలను మార్చాలని పంతం పట్టకుండా, ఇనుమును ఆకుకే ఇవ్వడం మేలని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి.

నిమ్మ ఉప్పు మాత్రం మరవకండి. నేను ఒక బకెట్‌లో బోరు నీళ్లలో ఉత్త అన్నభేది వేశాను. చూస్తుండగానే నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి పట్టాయి. ఆ మడ్డిలోని ఇనుము ఆకుకు అందదు. రెండో బకెట్‌లో ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వేశాను. నీళ్లు లేత ఆకుపచ్చగా, తేటగా నిలిచాయి. చేనుకు కొట్టింది ఆ తేట నీళ్లే, సాయంత్రం ఎండ తగ్గాక. రెండో పిచికారీ తర్వాత పుట్టిన చిగుళ్లు పచ్చగా వచ్చాయి. వచ్చే కారుకు ఆ పావు ఎకరంలో పశువుల ఎరువు ఎక్కువ తోలి, ఈనెలు తేలక ముందే మొదటి పిచికారీ కొడతాను.