వృత్తిపరమైన నిర్లక్ష్యంపై ఆన్‌లైన్ క్లాసులు: ఒక థియేటర్ నర్సు రివ్యూ

ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా 11 ఏళ్లయింది. నా చేతిలో ఏదైనా పొరపాటు జరిగితే పరిహారంతో పోతుందా, జైలుదాకా వెళ్తుందా అన్న భయం ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు. డ్యూటీ రూంలో ఆ మాటెత్తితే తలా ఒకటి చెబుతారు. అందుకే ఒక న్యాయవాది చెప్పిన ఎనిమిది రికార్డెడ్ క్లాసులు కొనుక్కుని, నైట్ డ్యూటీలు లేని రోజుల్లో పూర్తిచేశాను.

మొదటి రెండు క్లాసులు బాగా సాగదీశారు. మూడో క్లాసులో బ్రిటన్‌లో జరిగిన బార్నెట్ కేసు వచ్చాకే నిటారుగా కూర్చున్నాను. టీ తాగి వాంతులతో ముగ్గురు వాచ్‌మన్లు ఆస్పత్రికి వచ్చారు. నర్సు ఫోన్ చేస్తే, డాక్టర్ వచ్చి చూడకుండానే ఇంటికి పంపించమన్నాడు. వాళ్లలో ఒకాయన చనిపోయాడు. తర్వాత తెలిసింది, టీలో ఆర్సెనిక్ ఉందని. డాక్టర్ చూడకపోవడం తప్పేనని కోర్టు ఒప్పుకుంది. కానీ చూసినా ఆయన బతికేవాడు కాదని తేలడంతో కుటుంబం కేసు ఓడిపోయింది. తప్పు జరిగితే చాలదు, ఆ తప్పు వల్లే నష్టం జరిగిందని చూపాలన్న సంగతి నాకు అక్కడ అర్థమైంది. ఫోన్ చేసిన ఆ నర్సు గురించి మాత్రం చాలాసేపు ఆలోచించాను.

నాలుగో క్లాసు ఒక్కదానికోసమైనా ఇవి కొనొచ్చు. అందులో అడొమాకో కేసు చెప్పారు. కంటి ఆపరేషన్ మధ్యలో రోగికి ఆక్సిజన్ ఇచ్చే ట్యూబ్ కనెక్షన్ ఊడిపోయింది. మత్తు డాక్టర్ గమనించలేదు. బీపీ మెషిన్ అలారం మోగేసరికి దాదాపు నాలుగున్నర నిమిషాలు గడిచాయి. అప్పుడు కూడా ఆయన ట్యూబ్ చూడలేదు. ఊడిన తొమ్మిది నిమిషాలకు గుండె ఆగింది. నేర్పున్న మత్తు డాక్టరైతే 15 సెకన్లలో పసిగట్టాలని ఒక నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 1994లో ఆయన శిక్షను సమర్థించింది. మామూలు పొరపాటు నేరం కాదు, ప్రాణం పోయే ప్రమాదం ఉన్నచోట నేరమనదగినంత ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలన్నది అక్కడి కొలత. పరిహారం కోరే సివిల్ కేసులో ఏది ఎక్కువ సంభవమో చూస్తే సరిపోతుంది, క్రిమినల్‌లో సహేతుకమైన అనుమానం మిగలకూడదు. ఈ తేడాను ఈ న్యాయవాది చెప్పినంత తేటగా ఇంకెవరూ నాకు చెప్పలేదు.

2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు కూడా ఇక్కడే వస్తుంది. ఊపిరాడని రోగికి తెచ్చిన సిలిండర్ ఖాళీగా ఉంది. ఆ పరిస్థితుల్లో డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవదని మన సుప్రీంకోర్టు చెప్పింది. సమర్థుడైన మరో డాక్టర్ అభిప్రాయం లేకుండా ప్రైవేట్ ఫిర్యాదు తీసుకోకూడదని కూడా అంది. న్యాయంగానే అనిపించింది. కానీ ఖాళీ సిలిండర్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

లోపాలూ ఉన్నాయి. బాధ్యతగల తోటి డాక్టర్లు ఒప్పుకునే పద్ధతిలో చేస్తే నిర్లక్ష్యం కాదనే 1957 నాటి బోలం సూత్రానికి ఒక క్లాసంతా ఇచ్చి, 1997 నాటి బోలిథో కేసును రెండు నిమిషాల్లో దాటేశారు. నాకు అది నచ్చలేదు. తోటి డాక్టర్లు 'మేమూ ఇలాగే చేస్తాం' అన్నంత మాత్రాన సరిపోదు, ఆ పద్ధతికి తర్కం ఉందో లేదో కోర్టు చూడొచ్చని చెప్పిన కేసే బోలిథో. రోగి వైపు నుంచి చూస్తే అసలు విషయం అదే. ఇంజనీర్లు, ఆడిటర్ల సంగతి చివరి క్లాసులో హడావిడిగా ముగించారు. స్లైడ్లలో అక్షరాలు ఫోన్‌లో కనిపించవు.

డాక్టర్ చెప్పిన డోసు తప్పని తెలిసీ ఇస్తే నా బాధ్యత ఏమిటని ఆ న్యాయవాదికి మెయిల్ పెట్టాను. మూడు రోజులకు జవాబొచ్చింది: ఆయన చెప్పాడన్నంత మాత్రాన మీ బాధ్యత పోదు, అభ్యంతరం చెప్పి టైం వేసి రాసిపెట్టండి అని.

నాలుగో క్లాసు రెండోసారి చూసేటప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాలుగున్నర నిమిషాల మాట రాగానే తను వీడియో ఆపింది. "అక్కా, మన మెషిన్లలో అలారం సౌండ్ ఎంతలో పెట్టి ఉంటుంది?" అని అడిగింది. మర్నాడు ఆపరేషన్ల లిస్టు మొదలుకాక ముందే ఇద్దరం వెళ్లి ఒక్కో టేబుల్ దగ్గర చూశాం.