జావా వేరు, జావాస్క్రిప్ట్ వేరు అని ముందే చెప్పే సెంటర్ (శ్రీకాకుళం)

మా తమ్ముడికి డిగ్రీ అయింది, వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకుంటానన్నాడు. ఆమదాలవలస నుంచి రోజూ వెళ్ళిరావాలి కాబట్టి శ్రీకాకుళంలోనే చూశాం. ముందు వెళ్ళిన చోట కౌంటర్లో ఆవిడ "జావా వస్తే జావాస్క్రిప్ట్ సగం వచ్చీసినట్టేనమ్మా" అంటూ రసీదు పుస్తకం తీసింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, రెండూ రోజూ చూసే ప్రోగ్రామింగ్ భాషలే, కానీ దేనికదే వేరు; వెబ్‌సైట్లకి కావాల్సింది జావాస్క్రిప్ట్. పేరు కలిసిందని పిల్లల చేత వేరే కోర్సుకి డబ్బు కట్టించడం అన్యాయం. లేచి వచ్చేశాం.

ఏడు రోడ్ల జంక్షన్ దాటాక మేడమీదున్న ఈ సెంటర్లో సార్ డెమో క్లాసే పేర్ల గొడవతో మొదలెట్టారు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ చేసిన భాషని ముందు మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. జావాకి అప్పుడున్న ఊపు చూసి, జావా చేసిన సన్ కంపెనీతో కలిసి డిసెంబరులో జావాస్క్రిప్ట్ చేశారు. జావా పేరు కూడా మొదట 'ఓక్' (Oak); ఆ పేరు వేరేవాళ్ళ ట్రేడ్‌మార్క్ కావడంతో మార్చుకుంది.

కథ చెప్పి వదిలెయ్యలేదు. ఒక సిస్టంలో జావా, పక్కదాంట్లో జావాస్క్రిప్ట్ కొట్టి చూసే బ్రౌజర్ కన్సోల్ తెరిచి, కొటేషన్లలో పెట్టిన 5 లోంచి 3 తీసెయ్యమన్నారు. జావాస్క్రిప్ట్ టక్కున 2 ఇచ్చింది. జావా కంపైలే అవ్వలేదు, అంటే నడవకముందే తప్పని ఆపేసింది, కొటేషన్లలో ఉన్నది దానికి అంకె కాదు కాబట్టి. మావాడు వెంటనే కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

గో అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష పేరు విషయంలో మాత్రం సార్‌తో నాకు పేచీ. 2009 నవంబరులో గూగుల్ గో ప్రకటించేసరికే, చివర ఆశ్చర్యార్థకంతో ఫ్రాన్సిస్ మెకేబ్ చేసిన 'గో!' అనే వేరే భాష ఉంది. 2007లో ఆయన దానిమీద పుస్తకం కూడా వేశారు. పేరు మార్చమని ఆయన అడిగితే గూగుల్ మార్చలేదు. "ఎక్కువమంది వాడిందే నిలబడతాదమ్మా" అంటారు సార్. నేనొప్పుకోను. పేరు ముందు పెట్టుకున్నవాళ్ళది. 1987లో లారీ వాల్, తన భాషకి పెరల్ (Pearl) అని పెడదామనుకుని, ఆ పేరుతో భాష అప్పటికే ఉందని తెలిసి, స్పెల్లింగులో ఒక అక్షరం తీసేసి పెర్ల్ (Perl) అని పెట్టుకోలేదా? గూగుల్‌కి అదేం కష్టం?

నోట్సు సార్ చేతిరాత జిరాక్సు, చదవడానికి బాగుంది. సాయంత్రం బ్యాచ్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే సిస్టం, చేత్తో కొట్టి నేర్చుకునేవాళ్ళకి చాలదు. పొద్దున్న బ్యాచ్ అడగండి. వెళ్ళేటప్పుడు ఏ పనికోసం నేర్చుకుంటున్నారో చెప్పండి, ఏ భాష కావాలో ఆయనే తేల్చి చెబుతారు.