ఎఫ్ఎంకి టీ-వైరా, డాబా మీద యాంటెన్నానా?

హైదరాబాద్‌లో మా పాత స్టీరియోలో వివిధ భారతి 102.8 పెడితే ఆ సుఖమే వేరు, కానీ వెనక వేలాడే ఒంటి తీగతో ఎప్పుడూ స్స్స్ అని ఒకటే గోల. అందుకే టీ-వైరు, డాబా యాంటెన్నా రెండూ ట్రై చేశా.

టీ ఆకారం రిబ్బన్ వైర్ చవక, అద్దె ఇంటికీ పర్లేదు. పైన అడ్డ ముక్క మీటరున్నర ఉంటుంది, ఎఫ్ఎం తరంగం దాదాపు మూడు మీటర్లు కదా, అందులో సగం. కింది కొసలు రెండూ స్టీరియో వెనక 300 ఓమ్స్ అని ఉన్న స్క్రూలకి బిగించాలి. అసలు కిటుకు ఎక్కడ పెట్టామన్నదే: టీవీ వెనక గోడకి అంటిస్తే గోల అలాగే ఉంది, కిటికీ పక్కకి జరిపి అడ్డ ముక్క నిలువుగా ఉండేలా కట్టేసరికి పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది! ఎల్ఈడీ బల్బులు, చార్జర్లకి మాత్రం దూరంగా పెట్టండి.

డాబా మీద యాంటెన్నా అయితే స్లాబు, ఇనప చువ్వల అడ్డు ఉండదు, దూరం స్టేషన్లు కూడా దొరుకుతాయి. కానీ పైపు, 75 ఓమ్స్ కేబుల్ (టీవీకి వాడే గుండ్రటి తీగ లాంటిది), ఎర్తింగ్ అన్నీ చూసుకోవాలి, ఉరుములొస్తే ప్లగ్ పీకెయ్యాలి. స్టేషన్ పక్కనే ఉంటే సిగ్నల్ మరీ ఎక్కువై ట్యూనర్ (స్టీరియోలో స్టేషన్ పట్టే భాగం) తికమకపడుతుంది కూడా.

సిటీలో ఉంటే నా ఓటు టీ-వైర్‌కే, స్టేషన్‌కి 50, 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో సొంతిల్లయితే డాబా ఎక్కండి. ఈలోపు మోనో బటన్ (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా చేసేది) నొక్కి చూడండి, సగం గోల అక్కడే పోతుంది.