గ్యాస్ట్రిక్ బ్యాండ్ బిగింపు: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

బరువు తగ్గడానికి జీర్ణాశయం పైభాగం చుట్టూ వేసే సిలికాన్ పట్టీ (బ్యాండ్), దాని నుంచి సన్నటి గొట్టం, గొట్టం చివర చర్మం కింద పొట్ట కండరానికి బిగించిన పోర్టు, అంటే సూది గుచ్చే చిన్న డబ్బీ. సరంజామా ఇంతే. పట్టీ లోపలి బుడగలోకి సెలైన్ ఎక్కిస్తే దారి ఇరుకవుతుంది, తీస్తే వదులవుతుంది. పట్టీ మంచిదా కాదా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం సూది పట్టే చేతిలోనూ, ‘ఇంకాస్త బిగించండి’ అని అడిగే మన నోటిలోనూ ఉంది.

ఆపరేషన్ అయ్యాక సాధారణంగా 4 నుంచి 6 వారాల దాకా సెలైన్ ఎక్కించరు. వాపు తగ్గాలి, పట్టీ ఒకచోట కుదురుకోవాలి. ఈలోగా మామూలు తిండికి రాగానే ఆకలి మొదలవుతుంది. ‘బ్యాండ్ పనిచేయట్లేదు’ అన్న కంగారు పుట్టేది అప్పుడే. ఖాళీ పట్టీ ఆకలిని ఆపలేదు, అంతకు మించి ఏమీ లేదు.

బిగించేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి తల కొద్దిగా ఎత్తమంటారు. కండరం బిగుసుకుని పోర్టు చేతికి తగులుతుంది. చర్మం శుభ్రం చేసి, పోర్టు కదలకుండా రెండు వేళ్లతో పట్టి, సూదిని నిలువుగా దించి గట్టి అడుగు తగలగానే ఆగుతారు. మత్తు ఇంజక్షన్ చాలామందికి అక్కర్లేదు. అదీ ఒక పోటే కదా. పోర్టు చేతికి దొరక్కపోతే గుచ్చి వెతకనివ్వకుండా ఎక్స్‌రే తెర మీద చూసి చేయమనడం మేలు. గురి తప్పిన సూది గొట్టాన్ని పొడవొచ్చు.

సూది మాత్రం హ్యూబర్ సూదే అయి ఉండాలి. మామూలు సూది మొన పోర్టు మీది సిలికాన్ బిళ్లలోంచి చిన్న ముక్కను తొలుచుకుని పోతుంది. ఆ చిల్లు పూడదు, సెలైన్ కారుతుంది. హ్యూబర్ మొన రంధ్రం పక్కకు ఉంటుంది కాబట్టి బిళ్లను తొలచకుండా చీల్చుకుని దూరుతుంది, తీశాక చీలిక మూసుకుంటుంది. వేరే సూది కనబడితే ఆపమనడానికి మొహమాటం వద్దు.

సూది దిగగానే ఎక్కించకూడదు, ముందు తీసి కొలవాలి. చివరి కొలత రాసి ఉంచిన కార్డులో 5 మి.లీ. అని ఉంటే సిరంజిలోకి సుమారుగా అంతే రావాలి. 3 మాత్రమే వస్తే ఎక్కడో కారుతోందని అనుమానించాలి. ఈ కొలత ఎగ్గొట్టి పైన అర మి.లీ. పోసి పంపేసే చోట లీకు నెలల తరబడి బయటపడదు.

‘నాకు 6 మి.లీ. ఉంది, నీకెంత?’ అన్న పోలిక పనికిరాదు. కొన్ని పాత బ్యాండ్లు 4 మి.లీ.తోనే నిండుతాయి. లాప్-బ్యాండ్ ఏపీ అనే రకంలో స్టాండర్డ్ సైజుకు 10, లార్జ్‌కు 14 మి.లీ. పడతాయి. పెద్ద బ్యాండ్‌కు మొదట్లో ఒక్కోసారి అర నుంచి 1 మి.లీ. చాలు. సరైన బిగువు దగ్గరపడ్డాక 0.2 మి.లీ. తేడా కూడా గొంతుకు తెలుస్తుంది.

ఎక్కించాక లేచి కూర్చుని, గ్లాసుడు నీళ్లు గుక్కగుక్కగా తాగి చూడందే అక్కణ్ణుంచి కదలకూడదు. నీళ్లు గుండెల మీదే నిలబడినా, వెనక్కి వచ్చినా వెంటనే కొంత తీయించాలి. తర్వాత 1-2 రోజులు ద్రవాలు, ఆపైన మెత్తటివి, ఆ తర్వాతే గట్టి తిండి. తీర్పు చెప్పేది గట్టి తిండి ఒక్కటే. చిన్న ముక్కలు బాగా నమిలి కొద్దిగా తింటే కొన్ని గంటలు ఆకలి లేకుండా గడిచిందా, బిగువు సరిపోయినట్టు. పొద్దున గట్టిగా, సాయంత్రానికి వదులుగా అనిపించడం మామూలే.

అసలు ఉచ్చు అతి బిగింపులో ఉంది. మాంసం, రొట్టె దిగవు, నోట్లో జిగురు ఊరుతుంది, తిన్నది పైకి వస్తుంది. అప్పుడు చేయి తనంతట తానే ఐస్‌క్రీమ్, చాక్లెట్, తీపి పానీయాల మీదికి పోతుంది, ఎందుకంటే అవి జారిపోతాయి. బరువు తగ్గడం ఆగుతుంది, మనిషేమో మళ్లీ వెళ్లి ఇంకా బిగించమంటాడు. తీయించాల్సిన చోట పోయించుకోవడం నా లెక్కలో ఈ బ్యాండ్‌తో జరిగే అతి పెద్ద తప్పు. రాత్రి పడుకుంటే దగ్గు, ఛాతీలో మంట, దిండు మీద నీళ్లు కనిపిస్తే వదులు చేయించే సమయం వచ్చినట్టే. అలాగే వదిలేస్తే పట్టీకి పైనున్న జీర్ణాశయపు చిన్న సంచీ, అన్నవాహిక సాగిపోతాయి.

మిగతా తేడాలు: పోర్టు తిరగబడితే సూది దిగదు, చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు. సెలైన్ కొలత సరిగ్గానే ఉన్నా బిగువు పోయి, పోర్టు దగ్గర ఎర్రబడి చీము పడితే పట్టీ జీర్ణాశయం గోడను కోసుకుని లోపలికి వెళ్లిందేమో ఎండోస్కోపీతో చూడాలి. అదే అయితే పట్టీ తీసేయాల్సిందే. ఉన్నట్టుండి నీళ్లు కూడా దిగకుండా కడుపు నొప్పి వస్తే పట్టీ జారి ఉండొచ్చు. రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి సెలైన్ మొత్తం తీయించాలి. వాంతులు రోజుల తరబడి సాగితే థయమిన్ (విటమిన్ బి1) తగ్గి నరాలు దెబ్బతింటాయని అక్కడి డాక్టరుకు గుర్తుచేయాలి. అత్యవసర విభాగంలో బ్యాండ్ గురించి తెలిసినవాళ్లు, హ్యూబర్ సూది రెండూ దొరక్కపోవచ్చు. బ్యాండ్ రకం, చివరి కొలత, తేదీ రాసిన కార్డు పర్సులో ఉంటే పని సగం తేలికవుతుంది.